కన్నతల్లికి మనుమణ్ణి

ఒక ఆరోగ్య బీమా ఫారం పుణ్యమా అని నేను రెండేళ్ల నాలుగు నెలల పాటు నా కన్నతల్లికి మనుమడిగా బతికాను. ఆ సంగతి నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు. తెలిసిన రోజున ఆమె ఆపరేషన్ బల్ల ఎక్కాల్సింది, నేను పరువుగా పక్కన నిలబడాల్సింది, నా భార్య సుజాత చిరునవ్వుతో టిఫిన్ డబ్బా తేవాల్సింది. అనుకున్న వేళకు వచ్చింది టిఫిన్ డబ్బా ఒక్కటే. ఇందులో దొంగ ఏజెంటు ఉంటాడనో, కంపెనీ మోసం బయటపడుతుందనో ఎదురుచూడకండి. చేసిందంతా నేనే. అదీ సిద్దిపేట మొత్తంలో నా అంత జాగ్రత్తపరుడు లేడని నేను గట్టిగా నమ్ముతున్న రోజుల్లో.

ముందుగా ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి. మా వైపు కన్నతల్లిని అవ్వ అంటాం. వేరే ప్రాంతాల్లో ఆ మాటకు నానమ్మ అనో, అమ్మమ్మ అనో అర్థం. మరి ఈ సంగతి నీకు తెలియదా అని మీరు అడగవచ్చు. తెలుసు. తెలిసిన సంగతులన్నీ అవసరానికి గుర్తొస్తే నాకు ఇది రాసే పని పడేది కాదు.

నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్ని. పరీక్షలకు ముందు ప్రతి బ్యాచికీ ఒకటే మాట చెప్తాను. ప్రశ్నను రెండుసార్లు చదవండి, ఆ తర్వాతే పెన్ను ఎత్తండి అని. ఈ మాటను కూడా గుర్తు పెట్టుకోండి, మళ్లీ నా నెత్తిమీదికే వస్తుంది.

అప్పుడు నాకు ముప్పై నాలుగేళ్లు. ఇంట్లో నేను, సుజాత, మా ఆరేళ్ల పాప, అవ్వ. బాపు, అంటే మా నాన్న, పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. ఆయన దవాఖానలో ఉన్నన్నాళ్లు ఖర్చులకు ఇంట్లో ఒక్కొక్కటే అమ్ముడుపోతూ వచ్చి, చివరికి పాలిచ్చే బర్రెను కూడా ఎవరో తోలుకుపోయారు. అవ్వ బాపు గురించి మాట్లాడేటప్పుడు ఏడవదు కానీ ఆ బర్రె మాట వస్తే ఇప్పటికీ కొంగు కళ్లకు అద్దుకుంటుంది. అందుకే ఇంట్లో అందరికీ ఆరోగ్య బీమా చేయించాలని నాకు పట్టుదల. ఆ ఉద్దేశం మాత్రం మంచిదే, దాంట్లో నన్ను ఎవరూ తప్పుపట్టలేదు.

మా స్టాఫ్ రూములో కెమిస్ట్రీ చెప్పే ఖలీల్ సార్ అప్పటికే తన కుటుంబానికి పాలసీ తీసుకున్నాడు. "భాయ్, మా ఏజెంటును పంపిస్త. ఇంటికొచ్చి కూసుంటడు, అందర్ని చూస్తడు, చాయ్ తాగుతడు, ఫారం ఆయననే నింపుతడు" అన్నాడు. చదువుకున్నవాడికి ఏజెంటు ఎందుకని నవ్వాను. ఖలీల్ సార్ కూడా నవ్వాడు. ఆయన నవ్విన తీరులో ఏదో ఉందని నాకు రెండేళ్ల తర్వాత అర్థమైంది.

పదిహేను రోజులు పరిశోధన చేశాను. పరిశోధన అన్నది నా మాట, సుజాత వాడిన మాట వేరు. ఏడు కంపెనీల ప్లాన్లు తీసి, పాత క్యాలెండర్ల వెనక గీతలు గీసి, పట్టికలు రాసి, టీవీ ఉన్న గోడకే అంటించాను. పట్టిక కిందికి పెరిగే కొద్దీ టీవీ తగ్గుతూ వచ్చింది. సాయంత్రం సీరియల్లో అత్త ముఖం కనబడేది, కోడలి ముఖం మీద కో-పే ఉండేది.

అన్నం తినేటప్పుడు పాఠాలు చెప్పాను. గది అద్దెకు పరిమితి ఉన్న ప్లాన్ తీసుకుని అంతకన్నా పెద్ద గదిలో చేరితే, గది డబ్బులే కాదు, మొత్తం బిల్లునూ అదే నిష్పత్తిలో కోస్తారని బెండకాయ ముక్కలతో చూపించాను. కో-పే అంటే బిల్లులో కొంత వంతు మనమే పెట్టుకోవడమని, అది లేని ప్లానే మేలని చెప్పాను. అవ్వ శ్రద్ధగా వింది. దవాఖాన రూముకు కిరాయి అంటే అడ్వాన్సు కూడా ఇవ్వాలా, ఖాళీ చేసేటప్పుడు సున్నం మనమే వేయించాలా అని అడిగింది. నేను ఓపిగ్గా తర్వాతి పాఠానికి వెళ్లాను.

"కొన్ని రోగాలకు రెండేండ్లు ఆగాలె అవ్వా. కడుపుల రాళ్లు, హెర్నియా, కంటిపొర అసోంటివి. రెండేండ్ల లోపల వస్తె కంపెనీ ఇయ్యది."

"అంటె రెండేండ్ల దాక నాకు రావద్దు."

"రావద్దు."

"సరే తీ, ఆపుకుంట" అంది అవ్వ, చెయ్యి కడుక్కుంటూ.

చివరికి ఒక ప్లాన్ ఎంచాను. గది అద్దెకు పరిమితి లేదు, కో-పే లేదు, దవాఖానలో కార్డు చూపిస్తే చాలు. తల్లిదండ్రులనే కాదు, తాతలను, నానమ్మలను కూడా చేర్చుకునే వీలుందని అందులో రాసి ఉంది. ఆ వాక్యం చదివి, మనకు అవసరం లేదులే అనుకుని ముందుకు పోయాను.

ఆన్‌లైన్లో వివరాలు నింపుతుంటే సైటు మధ్యలో ఆగిపోయింది. మరునాడు మధ్యాహ్నం కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది, మిగతాది ఫోన్లోనే నింపుతానని, కాల్ రికార్డ్ అవుతుందని. నేను కాలేజీ వరండాలో ఉన్నాను. ఎదురుగా రెండు సెక్షన్ల పిల్లలు డబ్బాలు తెరిచి అరుచుకుంటున్నారు. ఆ అమ్మాయి మాట పుస్తకం చదువుతున్నట్టు చక్కగా ఉంది. ఎక్కడో సముద్రం దగ్గరి మనిషై ఉంటుంది. నేను కూడా నా మాటను కొంచెం ఇస్త్రీ చేసి మాట్లాడటం మొదలుపెట్టాను. కానీ ఇంటివాళ్ల సంగతి వచ్చేసరికి ఇస్త్రీ నిలవలేదు.

"పాలసీలో ఎవరెవరిని చేర్చమంటారు సార్?"

"నేను, నా భార్య, బిడ్డ, అవ్వ."

"అవ్వగారి పేరు, వయసు చెప్తారా?"

"నర్సవ్వ. యాభై ఎనిమిది."

"యాభై ఎనిమిదేనా సార్?" అంది ఆ అమ్మాయి.

"అవునమ్మా, చిన్నప్పుడే పెండ్లి చేసిన్రు. చూస్తే అంత కూడ అనిపియ్యదు."

"మీతోనే ఉంటారా సార్?"

"నాతోనే. నన్ను పెంచిందే ఆమె."

ఆ అమ్మాయి గొంతు కరిగిపోయింది. ఈ రోజుల్లో అవ్వను ఇలా దగ్గర పెట్టుకుని చూసుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారు సార్ అంది. నేను వరండాలో నిలబడి ఛాతీ ఒక అంగుళం పెంచాను. కన్నతల్లిని చూసుకుంటేనే ఇంత మెచ్చుకుంటున్నారంటే లోకం ఎంత చెడిపోయిందోనని జాలిపడ్డాను కూడా.

తర్వాత సుజాత వివరాలు అడిగింది. పేరు, వయసు, ఎత్తు, బరువు. బరువుగా నేను ఏం చెప్పానో ఇక్కడ రాయను. ఆ గొడవ వేరే, అది ఇంకా నడుస్తోంది. సుజాతది అలా పూర్తయ్యిందో లేదో, ఆ అమ్మాయి చాలా గౌరవంగా, "తల్లిగారిని కూడా చేర్చమంటారా సార్?" అంది.

ఇక్కడ ఆగండి. మా దగ్గర తల్లిగారు అనేది పెళ్లయిన ఆడపిల్లకే ఉంటుంది. సుజాత పుట్టిల్లు కుకునూరుపల్లి, అది ఆమెకు తల్లిగారిల్లు. అక్కడ ఉన్న మా అత్తమ్మ, మామ, బామ్మర్ది అందరూ కలిపి తల్లిగారోళ్లు. మగవాడికి తల్లిగారు ఉండదు, వాడికి ఉండేది అవ్వే. ఆ అవ్వను నేను ముందే రాయించేశాను. కాబట్టి ఈ అమ్మాయి సుజాత పుట్టింటివాళ్ల గురించి అడుగుతోందని నాకు సందేహం లేకుండా అర్థమైంది. సుజాత పక్కన లేదు కదా అన్న ధైర్యం ఒకటి.

"వద్దమ్మా," అన్నాను. "తల్లిగారోళ్లను మనమెందుకు ఏసుకోవాలె? వాళ్లకు కొడుకున్నడు, ఆయన చూస్కుంటడు. మనకెందుకు లొల్లి."

"సరే సార్" అంది ఆ అమ్మాయి. ఆ మాటలో అంతకు ముందున్న తియ్యదనం లేదు. నెట్‌వర్క్ సరిగా లేదేమో అనుకున్నాను.

వారంలో పాలసీ మెయిల్లో వచ్చింది. అరవై పేజీలు. ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, పసుపు రంగు పెన్నుతో గీతలు కొడుతూ నాలుగో పేజీ నుంచి చివరి దాకా చదివాను. ఏ జబ్బుకు ఎన్నాళ్లు ఆగాలో, ఏ కాగితం ఎన్ని గంటల్లో పంపాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. సుజాత ఒకసారి వచ్చి, "ముందలి పేజీ చూసినవా?" అని అడిగింది. అందులో మన పేర్లే కదా, మన పేర్లు మనకు తెలియవా అన్నాను. ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. నాతో పెళ్లయి ఎనిమిదేళ్లయింది, ఎక్కడ ఆపాలో ఆమెకు తెలుసు.

కార్డులు వచ్చాయి. వాటి మీద పేరు, నంబరే తప్ప ఎవరికి ఎవరు ఏమవుతారో ఉండదు. అవ్వ తన కార్డును ఆకువక్కల సంచిలో పెట్టుకుంది. వాడకట్టులో ఎవరు కలిసినా వక్కతో పాటు కార్డు కూడా బయటికి తీసేది. దౌల్తాబాద్‌లో బంధువుల పెళ్లికి పోతే అక్కడా తీసింది. "నా కొడుకు చేపిచ్చిండు. రేపు నాకేమన్నయితె ఎవని ముందల చెయ్యి చాపే పని లేదు" అని చెప్పేదట. ఆ మాట ఎవరో వచ్చి నాకు చెప్తే, సంతోషం పట్టలేక ఆ రోజు క్లాసులో కాలిక్యులస్ తప్పు చెప్పాను.

అవ్వ మాట మీద నిలబడే మనిషి. రెండేళ్లు ఆపుకుంటానంది, ఆపుకుంది. రెండేళ్ల నాలుగు నెలలకు ఒక విందులో మటన్ తిని వచ్చి, కుడి డొక్కలో నొప్పి అని కూర్చుండిపోయింది. స్కానింగ్ చేస్తే పిత్తాశయంలో రాళ్లు. ఆలస్యం చేస్తే చీము పట్టి ప్రమాదమవుతుందని, ఈ వారంలోనే తీసేయాలని డాక్టరు అన్నాడు. అవ్వ బాధపడుతుంటే నాకు బాధగానే ఉంది. కానీ నిజం చెప్పాలి కదా, లోపల ఒక మూల చిన్న గర్వం కూడా కదిలింది. ఆ రాళ్లు కూడా నా పాలసీ చదివి, గడువు దాటాకే వచ్చాయి.

అవ్వకు మాత్రం కోత అంటే వణుకు. రెండు రోజులు బతిమాలితే చివరికి ఒక షరతు పెట్టింది. "నీ కార్డు మీదనే కావాలె. కార్డు నడవకపోతె నేను లేచి ఇంటికొస్త. మీ నాయినప్పుడు చూసింది చాలు, నాకోసం ఇంట్ల నుంచి గడ్డిపోచ గూడ కదలద్దు." నేను చెయ్యి మీద చెయ్యి వేసి మాటిచ్చాను.

దవాఖాన పేరు చెప్పను, వాళ్ల తప్పేమీ లేదు. అక్కడ ఇన్సూరెన్స్ డెస్కులో కూర్చున్నతను నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. పేరు యాదగిరి, నా దగ్గర ఇంటర్ చదివాడు. లెక్కల పేపర్ మూడుసార్లు రాసినవాడు. వాడి ముందు స్పైరల్ పుస్తకం పెట్టి, పది నిమిషాలు పాలసీ పాఠం చెప్పాను. వాడు అప్పట్లో క్లాసులో విన్నట్టే తలూపుతూ విన్నాడు. అవ్వ పక్కనుంచి, "వీడు నా కొడుకు, ఒక్కడే కొడుకు" అని రెండుసార్లు చెప్పింది. యాదగిరి ఫారంలో కొడుకు అని రాసి కంపెనీకి పంపాడు.

అవ్వకు ఆకుపచ్చ గౌను వేశారు. చేతి గాజులు తీసి సుజాత పర్సులో పెట్టింది, టిఫిన్ తేవడానికి ఇంటికి వెళ్లింది. గంట తర్వాత యాదగిరి గది దగ్గరికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఒక చిన్న డౌటు. మీరు పెద్దమ్మకు ఏమైతరు?"

"కొడుకును. నువ్వే రాసినవ్ కదా."

"కంపెనీవాళ్లు మనుమడంటున్నరు సార్."

వాడి చేతిలో నా పాలసీ మొదటి పేజీ ఉంది. నా పేరు కింద అందరి పేర్లు, పక్కన సంబంధాలు. సుజాత, భార్య. పాప, కూతురు. నర్సవ్వ, గ్రాండ్ మదర్. అక్షరాలు పెద్దవిగానే ఉన్నాయి, కళ్లద్దాలు కూడా అక్కర్లేదు. యాదగిరి నెమ్మదిగా, "సార్, ప్రశ్నను రెండుసార్లు చదవమని మీరే చెప్పేటోళ్లు" అన్నాడు. వాడు వెటకారంగా అన్నా బాగుండేది. నిజంగా బాధపడుతూ అన్నాడు.

కంపెనీ అధికారి ఫోన్లో ఉన్నాడు. పేషెంటుతో కూడా మాట్లాడాలట, అందుకని యాదగిరి ఫోన్‌ను స్పీకర్లో పెట్టి మంచం మీద ఉంచాడు. చాలా మర్యాదస్తుడు ఆ అధికారి. పాలసీలో నర్సవ్వగారు నానమ్మ అని ఉందని, ఆస్పత్రి ఫారంలో తల్లి అని ఉందని, ఏది సరైనదో చెప్పాలని అడిగాడు. తల్లి అన్నాను. అప్పుడాయన, "మా దగ్గర ఒక నోట్ కూడా ఉంది సార్. వయసు తక్కువగా ఉంది కాబట్టి తాతగారి రెండో భార్య కావచ్చని రాశారు" అన్నాడు.

పడుకుని ఉన్న అవ్వ లేచి కూర్చుంది.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. నేను ఆవేశపడ్డాను. నేను అలా ఎప్పుడు చెప్పానో చూపించండి, రికార్డింగ్ ఉంటే వినిపించండి అని గట్టిగా అడిగాను. ఆయన వినిపించాడు. నా గొంతు అంత ధీమాగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. అవ్వ, నర్సవ్వ, నన్ను పెంచిందే ఆమె, అన్నీ వచ్చాయి. తర్వాత ఆ అమ్మాయి గొంతు, తల్లిగారిని చేర్చమంటారా సార్ అని. వెనకాలే నా గొంతు. వాళ్లకు కొడుకున్నడు, ఆయన చూస్కుంటడు. మనకెందుకు లొల్లి.

"మీరు తల్లిగారిని వద్దన్నారు కాబట్టి ఆవిడకు కవరేజీ లేదు సార్" అన్నాడు అధికారి.

అవ్వ గోడ వైపు తిరిగింది. "కొడుకున్నడట," అంది గోడతో. "ఏ కొడుకు? నాకున్నది గీడొక్కడే." ఆకువక్కల సంచిలోంచి కార్డు తీసి దుప్పటి మీద పెట్టింది. "ఇగ పా శీను, ఇంటికి పోదాం. కడుపునొస్తె సోడ తాగుత."

ఇప్పుడు చెప్తుంటే నాకూ నవ్వొస్తుంది. ఆ నిమిషం మాత్రం నవ్వు రాలేదు, భయం వేసింది. ఆలస్యం చేయొద్దన్న డాక్టరు మాట చెవిలో తిరుగుతోంది. ఈమె ఒకసారి ఇంటికి వెళ్లిందంటే మళ్లీ రాదు. అంతకన్నా ఎక్కువగా, రెండేళ్లు ఊరంతా చూపించిన కార్డును ఆమె అలా పక్కన పెట్టడం చూసి నాకు ఏడుపొచ్చింది. కన్నతల్లిని వద్దన్న కొడుకుగా ఆమె కళ్లలో ఒక్క నిమిషం కూడా ఉండలేననిపించింది.

"అవ్వా, అది నిన్ను కాదే," అన్నాను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని. "నాకు తల్లిగారు ఏడుంటదే? సుజాతోళ్ల తల్లిగారోళ్లను అడుగుతుందనుకున్న. కుకునూరుపల్లోళ్లను వద్దన్న. నీ మీదొట్టు, వాళ్లనే వద్దన్న. వాళ్లతోనె మనకెందుకు లొల్లి అన్న."

చాలా స్పష్టంగా, గట్టిగా, మూడుసార్లు చెప్పాను. మూడోసారి చెప్తుండగా అవ్వ చూపు నా మీద కాకుండా నా వెనక్కి పోవడం గమనించాను. తలుపు దగ్గర టిఫిన్ డబ్బాతో సుజాత నిలబడి ఉంది.

సుజాత నన్ను ఎప్పుడూ నువ్వు అనే అంటుంది. కోపం వచ్చినా నువ్వే. మీరు అందంటే మాత్రం సంగతి చాలా దూరం పోయినట్టు. పెళ్లయ్యాక అప్పటికి రెండుసార్లే విన్నాను.

"మీరు మా అవ్వోళ్లను వద్దన్నరా?" అంది సుజాత.

వద్దనలేదంటే అవ్వ ఇంటికి పోతుంది. వద్దన్నానంటే నేను ఇంటికి పోలేను. ఇన్నేళ్లు లెక్కలు చెప్పాను కానీ ఇలాంటి లెక్క ఏ పుస్తకంలోనూ రాలేదు. యాదగిరి కిటికీ బయటికి చూడటం మొదలుపెట్టాడు, అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

అవ్వ ముఖం మాత్రం మెల్లగా విచ్చుకుంది. తనను కాదని అర్థమైంది. అది అర్థమైన మరుక్షణం ఆమె కోడలి పక్షం చేరింది. వియ్యపురాలు మోకాళ్ల నొప్పితో కుంటుతుంటే వాళ్లను లొల్లి అంటావా, ఆమె బిడ్డ నీ ఇంట్లో వండి పెడుతుంటే తింటున్నవు కదా అని నన్ను కడిగేసింది. నన్ను కడగడం పూర్తయ్యాక ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"అయ్యా, మీ ఇంట్ల అవ్వ అంటె ఎవరు?"

"మా నానమ్మ అండి" అన్నాడు అధికారి.

"మా ఇంట్ల అవ్వ అంటె నేనే. వీన్ని కన్నది నేనే, తొమ్మిదో తరగతిల సిగరెట్ తాగితె కొట్టింది నేనే. ఇంకొకటి. మా మామకు ఒక్కతే పెండ్లాం. గామె మా అత్త. రెండో పెండ్లాం అన్నవని తెలిస్తె పైనుంచి దిగొస్తది, జర ఆ ముక్క కొట్టెయ్."

ఫోన్లో మొదట దగ్గు వినిపించింది, తర్వాత నవ్వు. ఆ నోట్ ఇప్పుడే కొట్టేస్తానన్నాడు. ఇద్దరి సంబంధం చూపించే కాగితం ఏదైనా పంపితే పేరు పక్కన సరిచేసి, అనుమతి త్వరగా వచ్చేలా తానే చూస్తానని చెప్పాడు. నా పదో తరగతి సర్టిఫికెట్లో బాపు పేరే ఉంది. అవ్వ పేరు, నా పేరు, కొడుకు అన్న మాట, మూడూ ఒకేచోట ఉన్నది మా రేషన్ కార్డులోనే. దాని ఫొటో ఉన్నది సుజాత ఫోన్లో. స్పైరల్ బైండింగ్ లేకుండానే ఆమె అవసరమైన కాగితాలన్నీ ఎప్పుడో ఫొటోలు తీసి పెట్టుకుంది.

సుజాత ఫోన్ తీసింది. ఫొటో తెరిచింది. నా వైపు చూసింది, పంపలేదు.

"మా అవ్వకు, బాపుకు పాలసీ చేపిస్తరా?"

"చేపిస్త."

"ఎప్పుడు?"

"ఈ నెలల్నే."

"మళ్ల వద్దు అనరు కద?"

నేను నోరు తెరిచేలోపు అవ్వ చేతిలోని ఫోన్లోంచి అధికారి చాలా మర్యాదగా, "మేడమ్, ఈ కాల్ కూడా రికార్డ్ అవుతోందండి" అన్నాడు. సుజాత ఫొటో పంపేసింది.

మధ్యాహ్నానికి అనుమతి వచ్చింది. యాదగిరి పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు, వాడి ఫలితాలు వచ్చిన రోజున కూడా అంత సంతోషం చూడలేదు. అవ్వ దుప్పటి మీది కార్డును తీసుకుని, కొంగుతో తుడిచి, సంచిలో పెట్టి సంచిని సుజాతకు ఇచ్చింది. నాకు ఇవ్వలేదు. ఆపరేషన్ థియేటర్‌కు తీసుకుపోతుంటే నా చెయ్యి పట్టుకుని, "భయపడకు" అంది. భయపడుతున్నది నేనే అని ఆమెకు ఎలా తెలిసిందో తెలియదు. ఆ తలుపులు మూసుకున్నాక నేను వరండాలో గోడకు ఆనుకుని కాసేపు కళ్లు తుడుచుకున్నాను. సుజాత వచ్చి పక్కన నిలబడింది. ఇంకా మీరు అంటూనే, ఇడ్లీ తినమంది.

సాయంత్రం నాలుగు గంటలకు అవ్వను బయటికి తెచ్చారు. అంతా బాగా జరిగిందని డాక్టరు చెప్పి, రాళ్లను చిన్న డబ్బాలో వేసి నా చేతికిచ్చాడు. మత్తు పూర్తిగా వదిలిందో లేదో చూడటానికి నర్సు అవ్వ చెంప తట్టి, నన్ను చూపించి, ఈయనెవరో చెప్పమ్మా అని అడిగింది. గదిలో నేను, సుజాత, సంతకాల కోసం వచ్చిన యాదగిరి ఉన్నాం. అవ్వ కళ్లు సగం తెరిచి నా ముఖాన్ని చాలాసేపు చూసింది.

"మా మనుమడు" అంది.

నర్సు కంగారుగా డాక్టరును పిలవడానికి పోబోయింది. యాదగిరి రెండు చేతులూ జోడించి, "పెద్దమ్మా, గట్ల అనకు, కంపెనీ నుంచి మళ్ల క్వెరీ పడ్తది" అని బతిమాలాడు. అవ్వ మళ్లీ కళ్లు మూసుకుంది కానీ పెదవి కొస కదలడం నేను చూశాను. సుజాత అప్పటిదాకా బిగబట్టిన నవ్వు ఆపుకోలేక నా భుజం మీద గుద్ది, "నువ్వు ఉన్నవ్ చూడు" అంది. నువ్వు అన్న మాట నా చెవిన పడ్డాక గానీ నా ఊపిరి సరిగా ఆడలేదు.

ఆ నెలలోనే ఖలీల్ సార్ ఏజెంటు మా ఇంటికి వచ్చాడు. కూర్చున్నాడు, కుకునూరుపల్లి నుంచి వచ్చిన అత్తమ్మను, మామను కళ్లారా చూశాడు, మూడు చాయ్‌లు తాగాడు, ఫారం నింపాడు. ఖలీల్ సార్ కూడా వచ్చి పక్కనే కూర్చున్నాడు, ఎందుకు వచ్చాడో చెప్పలేదు, నవ్వుతూనే ఉన్నాడు.

కాబట్టి చదువరులారా, నా అవ్వ కడుపులోంచి వచ్చిన పదకొండు రాళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు ఏ పాలసీనైనా మొదటి పేజీతోనే మొదలుపెడతాను. ఇంట్లో అవ్వను అవ్వ అనే పిలుస్తాను, ఫారంలో మాత్రం నన్ను కన్న తల్లి అని రాయిస్తాను. బతికి ఉండగా ఏ ఫోన్లోనూ తల్లిగారోళ్లను వద్దని అనను, రికార్డ్ కాకపోయినా సరే.

ఈ ప్రమాణాన్ని మొదట ఆ ఏజెంటు ముందే చేశాను. ఫారం మొదటి పేజీని అందరికీ వినబడేలా రెండుసార్లు పైకి చదివి, తృప్తిగా పెన్ను ఎత్తాను. లోపలి గదిలోంచి అవ్వ గొంతు వినిపించింది.

"ఇంకొక్కసారి చదువు మనుమడా."